మలికిపురం రోడ్డులో కువైటు వంట

కోనసీమలో చందువా చేప ఎక్కడ బాగుంటుందని అడిగితే ఇప్పుడు నేను చెప్పే చోటు ఒక్కటే. మలికిపురం నుంచి సఖినేటిపల్లి వెళ్లే రోడ్డులో, పంట కాలవ పక్కన సిమెంటు రేకుల షెడ్డు. బోర్డు మీద "భోజనం, టిఫిన్, ఆర్డరు మీద కువైటు వంటలు" అని రాసి ఉంటుంది. వేరే పేరేమీ లేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కువైటక్క హోటలు అంటారు. నర్సాపురం వైపు నుంచి వచ్చేవాళ్లు సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) దిగి ఆటో ఎక్కి ఆ మాట చెబితే చాలు. ఆవిడ పేరు మాత్రం రాయొద్దంది. కువైటులో తను పనిచేసిన ఇంటివాళ్లతో ఇప్పటికీ మంచిగా ఉంది, తోడికోడలు ఇంకా అక్కడే ఉంది. అందుకని నేనూ అక్క అనే రాస్తాను.

మధ్యాహ్నం మామూలు భోజనం 100 రూపాయలు. పప్పు, ఒక వేపుడు, ఒక కూర, చారు, పెరుగు, ఊరగాయ. చేపల పులుసు కావాలంటే మరో 60. పులుసు పొద్దున్నే కాచి దించి, పన్నెండు దాటేదాకా మూత తియ్యదు. ముక్క పులుసు పీల్చుకున్నాకే వడ్డన. మామిడికాయ కాలంలో వెళ్తే పప్పు మామిడికాయ తప్పకుండా అడగండి. దానికోసం రెండోసారి అన్నం పెట్టించుకోని మనిషిని అక్కడ నేను చూడలేదు. ఇదంతా బాగానే ఉంటుంది, కానీ ఇలాంటి భోజనం రాజోలులోనూ దొరుకుతుంది, తాటిపాకలోనూ దొరుకుతుంది. అక్కడిదాకా వెళ్లాల్సింది చందువా కోసం.

చందువాని కువైటులో జుబేదీ అంటారు. అక్కడివాళ్లకి అది ప్రాణం. మన దగ్గర పులసకి ఎంత పేరుందో వాళ్ల దగ్గర ఆ చేపకి అంత పేరు. దాన్ని అన్నంతో కలిపి వండే వంటని ముతబ్బఖ్ సమక్ అంటారు. అక్క పనిచేసిన ఇంట్లో వారానికోసారైనా అది ఉండాల్సిందేనట. ఆ వంటనే ఆవిడ మన అంతర్వేది పల్లిపాలెంలో దిగిన చేపతో చేస్తుంది.

ఒకరోజు ముందుగా చెప్పాలి. చెప్పినవాళ్ల లెక్క ప్రకారమే పొద్దున్నే ఆవిడ భర్త బండి మీద పల్లిపాలెం వెళ్లి పడవల దగ్గర చేప తెస్తాడు. మొప్ప ఎత్తి చూసి, పొట్ట మీద వేలుతో నొక్కి, గుంట పడితే అక్కడే వదిలేసి వస్తాడు. ఐసులో రోజుల తరబడి ఉన్న చేపతో ఆవిడ ఈ వంట చెయ్యదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలు చందువా ఉండదు. ఫోను చేసి బతిమాలినా ఉండదు. ఆ నెలల్లో వ్యాపారం పడిపోతుందని తెలిసీ అలా ఉండటం నాకు చాలా నచ్చింది.

వంట చేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. చేపకి రెండు పక్కలా గాట్లు పెట్టి, మిరియాలు, జీలకర్ర, ధనియాలు, దాల్చినచెక్క, యాలకులు వేయించి దంచిన పొడిని పసుపు, ఉప్పుతో కలిపి గాట్లలోకి దిగేలా పట్టిస్తుంది. చిన్న చేపలు, తలకాయలు విడిగా నీళ్లలో మరిగించి వడకడుతుంది. బాస్మతి బియ్యం ఉడికేది ఆ రసంలోనే. చేపని పెనం మీద ఎర్రగా కాల్చి అన్నం మీద పెడుతుంది. పైన ఎర్రగా వేగిన ఉల్లిపాయలు, ఉడికిన శనగపప్పు, కిస్‌మిస్ కలిపిన పోపులాంటిది చల్లుతుంది. దాన్ని హషూ అంటారట. శనగపప్పూ కిస్‌మిసూ చేపతో ఏంటని మొదట ఎవరికైనా అనిపిస్తుంది. ఒక ముద్ద తిన్నాక ఆ ప్రశ్న ఉండదు.

అసలు రహస్యం లూమి. అంటే ఎండు నిమ్మకాయ. కువైటు నుంచి తెచ్చుకున్న పొట్లం ఏడాదికే అయిపోయిందట. అప్పటినుంచి తనే చేసుకుంటోంది. పెరట్లో నిమ్మకాయలు కోసి, ఉప్పు నీళ్లలో రెండు పొంగులు రానిచ్చి, డాబా మీద ఎండబెడుతుంది. మన కోనసీమ గాలిలో తేమ ఎక్కువ, వానాకాలం పెడితే బూజు పడుతుంది. అందుకని ఏడాదికి సరిపడా ఎండాకాలంలోనే చేసి డబ్బాల్లో దాస్తుంది. ఒకటి నా చేతిలో పెట్టింది. నల్లగా, గోలీకాయ కన్నా కాస్త పెద్దగా, బరువే లేదు. ఊపితే లోపల గింజలు గలగలమన్నాయి. రెండు చోట్ల చాకు మొనతో పొడిచి మరిగే రసంలో పడేస్తే చాలు. చింతపండు పులుపు నాలుక మీద ముందే తగులుతుంది. ఇది ముద్ద మింగాక, చిన్న చేదుతో కలిసి వెనక నుంచి వస్తుంది. తిన్న సాయంత్రం దాకా ఆ రుచి నోట్లో ఉంది.

కోడి మజ్బూస్ కూడా ఉంది, 180. కోడిని ఉడికించిన నీళ్లలో అన్నం వండి, కోడిని విడిగా కాలుస్తారు. ఓవెన్ లేదు. పెద్ద మూకుడులో పెట్టి, మూత మీద కొబ్బరి చిప్పల నిప్పులు పోస్తుంది. పైన చర్మం కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. దీనికి తోడు దక్కూస్ అని టమాటా, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి ఉడికించిన పచ్చడి. మొదట్లో అక్కడి పద్ధతిలోనే చేస్తే జనం "కారం ఏదమ్మా" అన్నారట. ఇప్పుడు రెండు గిన్నెలు పెడుతుంది, ఒకటి వాళ్లది, ఒకటి మనది. రెండూ రుచి చూడండి, కానీ చేపతో మాత్రం వాళ్లదే తినండి. మన కారం పడితే లూమి రుచి తెలియదు.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, ఈ హోటలు నడవాలని నాకు గట్టిగా ఉంది. ఎందుకో చెప్పాలి.

నేను పోస్టాఫీసు కౌంటరు ఉద్యోగిని. 2001లో పోస్టాఫీసుల్లో వెస్టర్న్ యూనియన్ మొదలైనప్పటినుంచి చాలా ఏళ్లు గల్ఫ్ డబ్బు నా చేతుల మీదుగానే మా చుట్టుపక్కల ఊళ్లకి వెళ్లింది. పది అంకెల నంబరు చిన్న కాగితం మీద రాసుకుని వచ్చేవాళ్లు. పంపినవాళ్లలో సగం మంది ఆడవాళ్లే. తీసుకునేవాళ్లు మొగుళ్లు, అమ్మలు, అత్తలు, ఒక్కోసారి ఇంటరు చదివే కొడుకు. ఆ డబ్బు ఎటు పోయేదో ఊళ్లో అందరికీ తెలుసు. ముందు వెళ్లడానికి చేసిన అప్పు తీరాలి, తర్వాత తాకట్టులో ఉన్న బంగారం, తర్వాత ఇంటికి స్లాబు, తర్వాత కూతురి పెళ్లి. పెళ్లికి చేసిన అప్పు కోసం మళ్లీ రెండేళ్ల వీసా. సెలవు మీద వచ్చి రెండు నెలలుండి, పిల్లలు మచ్చిక అయ్యేసరికి మళ్లీ విమానం ఎక్కిన తల్లులు ఎంతమందో.

ఊరు పచ్చగా ఉంటే ఎందుకు వెళ్తారని బయటివాళ్లు అడుగుతుంటారు. పచ్చగా ఉన్న పొలం కూలివాళ్లది కాదు కదా. అక్క భర్తది కొబ్బరి దింపు పని. 1996 నవంబరు తుఫానులో తోటలు పడిపోయాక ఆ పని లేకుండా పోయింది. కొత్తగా వేసిన మొక్క కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆవిడకి నాట్లు, కలుపులు ఉండేవి. వరి పొలాలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులవుతుంటే ఆడవాళ్లకి పని రోజులు తగ్గిపోయాయి. చెరువు దగ్గర కావలి కాయడానికి ఒక మగమనిషి చాలు. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే, అంటే ఆ సీజను పంట వెయ్యమని, ప్రకటించినప్పుడు పేపర్లన్నీ రైతు గురించే రాశాయి. ఆ సీజను పని పోయిన కూలి ఆడవాళ్లు ఆ ఏడాది ఎటు వెళ్లారో మా కౌంటరు చెబుతుంది. అక్క అప్పటికే వెళ్లిపోయింది, 2006లో.

పదిహేనేళ్లు ఒకే ఇంట్లో చేసింది. అలాంటి ఇల్లు దొరకడం అదృష్టమేనని ఆవిడే అంటుంది. జీతం ఆపలేదు, చెయ్యి చేసుకోలేదు. పని మాత్రం పొద్దున్న అయిదుకి మొదలైతే రాత్రి ఇంట్లో ఆఖరి మనిషి పడుకునే వరకు. శుక్రవారం ఇంకా ఎక్కువ. ఆ రోజు కొడుకులు, కోడళ్లు, మనవలు అందరూ పెద్దావిడ ఇంటికి భోజనానికి వచ్చేవాళ్లు. 2021లో ఆ పెద్దావిడ పోయింది. పెద్ద కూతురు "మా ఇంటికి రా, అకామా మార్పిస్తాం" అంది. అకామా అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి. సరిగ్గా అప్పుడే ఇక్కడ అక్క కూతురికి నెలలు నిండాయి. తన కాన్పులు తన తల్లి చేసింది, కూతురి కాన్పుకి తను ఉండకూడదా అనుకుని వచ్చేసింది.

ఇలా వచ్చేసేవాళ్లు వ్యాపారం ఎందుకు పెడతారు? డబ్బు మూటలు తెచ్చుకుంటారని, అక్కడ తెలివి మీరి వస్తారని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో అసలు కారణం వేరు. వచ్చినవాళ్లకి ఇక్కడ ఉద్యోగం లేదు. యాభై దగ్గరపడ్డ ఆడమనిషిని, పదో తరగతి లేని మనిషిని ఎవరు పెట్టుకుంటారు? మోకాళ్లు నొప్పులు, నాట్లు వెయ్యలేదు. పింఛను లేదు. ఇంట్లోవాళ్లు నెలనెలా వచ్చే డబ్బుకి అలవాటుపడ్డారు. వచ్చిన మూడు నెలలదాకా అందరూ ప్రేమగానే ఉంటారు. నాలుగో నెల నుంచి "మళ్లీ ఎప్పుడు వెళ్తున్నావు?" అని అడుగుతారు. చుట్టాలు అడుగుతారు, వీసాల ఏజెంటు అడుగుతాడు, ఆఖరికి కన్నకొడుకూ అడుగుతాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే చాలామంది కొట్టు పెడతారు. మళ్లీ వెళ్లకుండా ఉండటానికి వాళ్లకి కనిపించే దారి అదొక్కటే.

అక్క అయితే ఈ మాట దాచుకోకుండా చెప్పింది. "లాభం కోసం పెట్టలేదండి. ఇక్కడ ఉండిపోవడం కోసం పెట్టానండి. లాభం రాకపోతే ఉండనివ్వరు కదండి, అందుకని లాభం కూడా కావాలండి."

ఆవిడ దగ్గర లెక్కల పుస్తకం ఉంది. పాలు, కూరలు, చేప, గ్యాసు, ఇద్దరు ఆడవాళ్ల జీతాలు, కరెంటు, అప్పు వాయిదా, అన్నీ రోజువారీగా మనవడి నోటుబుక్కులో రాస్తుంది. నెలాఖరున మిగిలిన అంకె చుట్టూ గీత గీస్తుంది. దాని పక్కన ఇంకో అంకె ఉంటుంది. అది దినార్లలో. నాకు మొదట అర్థం కాలేదు. ఆవిడ ఆఖరి జీతం నెలకి 120 దినార్లు. హోటల్లో మిగిలింది ఆ 120తో సమానమైతే ఆ నెల ఇంట్లో ఎవరూ నోరెత్తరు. తగ్గితే మాటలు మొదలవుతాయి.

ఆ పుస్తకం చూశాక నాకు ఇంకో సంగతి బోధపడింది. ఆవిడ వెళ్లినప్పుడు దినారు 160 రూపాయల లోపే. వచ్చేసినప్పుడు 245 ప్రాంతంలో ఉంది. ఇప్పుడు 280 దాటింది. అంటే 2021లో నెలకి 30 వేల లోపు మిగిలితే కువైటు జీతంతో సమానం. ఇప్పుడు 33 వేలు దాటినా బొటాబొటీయే. హోటలు పెరుగుతూనే ఉంది, రూపాయి తగ్గుతూనే ఉంది, ఆవిడ మాత్రం అదే గీత దగ్గర నిలబడాల్సి వస్తోంది. రూపాయి పడిపోతే గల్ఫ్ కుటుంబాలకి లాభమని టీవీల్లో చెబుతుంటారు. తిరిగొచ్చి ఇక్కడ పొయ్యి వెలిగించుకున్నవాళ్ల సంగతి ఎవరూ చెప్పరు.

పెట్టుబడి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది ఇంకా అక్కడే ఉన్నవాళ్లకి పనికొస్తుంది. కువైటులో 2015లో ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసం 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, పని మానేసి వెళ్లేటప్పుడు ఏడాదికి నెల జీతం చొప్పున డబ్బు ఇవ్వాలని అందులో ఉంది. మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు, తెలిసినవాళ్లు అడగడానికి భయపడతారు. పక్కింట్లో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి చెబితే అక్కకి తెలిసింది. వచ్చేసే ముందు ఇంటాయన ముందు కూర్చుని అడిగింది. ఆయన కాసేపు మాట్లాడలేదట. తర్వాత చట్టం వచ్చాక చేసిన ఆరేళ్లకీ లెక్కగట్టి 720 దినార్లు చేతిలో పెట్టాడు. మన డబ్బుల్లో లక్షా డెబ్బై వేల పైన. ఈ షెడ్డు, పొయ్యిలు, ఫ్రిజ్జు ఆ డబ్బువే. మీ ఇంట్లో ఎవరైనా అక్కడ ఉంటే ఈ చట్టం గురించి ఇవాళే ఫోనులో చెప్పండి.

మిగతాది డ్వాక్రా గ్రూపు అప్పు, కొంచెం ముద్రా లోను. మొదట వెళ్లిన ఒక బ్యాంకులో మూడేళ్ల ఇన్‌కమ్ టాక్స్ కాగితాలు అడిగారట. పదిహేనేళ్లు ఈ జిల్లాకి డబ్బు పంపిన మనిషి దగ్గర తన సంపాదన చూపించే ఒక్క కాగితం లేదు. అన్నీ భర్త ఖాతాలోకి వెళ్లాయి కదా. ఇంకో బ్యాంకులో డ్వాక్రా వాయిదాలు కట్టిన పుస్తకం చూసి ఇచ్చారు. కేరళలో తిరిగొచ్చినవాళ్ల కోసం నోర్కా వాళ్ల పథకం ఉంది. నోర్కా అంటే బయటి దేశాల్లో ఉన్న మలయాళీల కోసం అక్కడి ప్రభుత్వం పెట్టిన శాఖ. విదేశంలో కనీసం రెండేళ్లు పనిచేసి వచ్చినవాళ్లు వ్యాపారం పెట్టుకుంటే 30 లక్షల దాకా ప్రాజెక్టులకి 15 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 3 లక్షలు. కడపకి, కోనసీమకి, పశ్చిమ గోదావరికి అలాంటిదే కావాలి. వచ్చినవాళ్లని డ్వాక్రా వరసలో నిలబెడితే సరిపోదు. ఇది నేను ఎక్కడ అవకాశం వచ్చినా అడుగుతాను.

అందరి కథా ఇలా నడవదు. సౌదీలో 2011లో నితాఖత్ (ఉద్యోగాల్లో సౌదీవాళ్లనే పెట్టుకోవాలనే నియమం) వచ్చాక వెనక్కి వచ్చినవాళ్లు ఉన్నారు, కువైటు ఆమ్నెస్టీలో, అంటే కాగితాలు లేనివాళ్లకి ఇచ్చే క్షమాభిక్షలో, అవుట్‌పాస్ అనే తాత్కాలిక ప్రయాణ కాగితం మీద వచ్చినవాళ్లు ఉన్నారు, 2020లో కరోనా విమానాల్లో చేతిసంచితో దిగినవాళ్లు ఉన్నారు. వాళ్లు వచ్చింది ఆలోచించుకుని కాదు. మా వీధిలో ఒకాయన దోహాలో ఏసీ మెకానిక్కు. వచ్చి ఏసీలు, ఫ్రిజ్జులు బాగుచేసే కొట్టు పెట్టాడు, నిలబడ్డాడు. ఆయన తమ్ముడు డ్రైవరు, తెచ్చుకున్నదంతా రొయ్యల చెరువు లీజులో పెట్టాడు. వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు వచ్చి రెండు పంటలు పోయాయి, మళ్లీ సౌదీ వెళ్లిపోయాడు. ఇద్దరి మధ్య తేడా నాకు కనిపించింది ఒకటే. ఒకాయన అక్కడ చేతితో నేర్చుకున్న పని ఇక్కడ చేశాడు. రెండో ఆయన ఊళ్లో అందరూ చేస్తున్న పని చేశాడు. అక్క కూడా టిఫిన్ల దగ్గరే ఆగిపోయి ఉంటే ఈ రోడ్డులో ఉన్న మిగతా హోటళ్లలో అదొకటి అయ్యేది. చందువా వండింది కాబట్టి భీమవరం నుంచి కూడా వస్తున్నారు.

అక్కడ నేర్చుకున్నది వంట ఒక్కటే కాదు. వంటగదిలోకి వెళ్లి చూడండి, ఆవిడ ఏమీ అనుకోదు. చేప కోసే పలక వేరు, కూరగాయల పలక వేరు. ఫ్రిజ్జులో ప్రతి డబ్బా మీద తారీఖు రాసిన కాగితం. సాయంత్రం మిగిలిన కూర మర్నాడు గిన్నెలోకి రాదు. ఇద్దరు పనివాళ్లలో ఒకావిడ మస్కట్ నుంచి కరోనా ఏడాదిలో తిరిగొచ్చింది. వాళ్లకి ఒకటో తారీఖున జీతం పడుతుంది, పండగకి చీర కాకుండా నెల జీతంలో సగం ఇస్తుంది. ప్రతి శుక్రవారం హోటలు మూత. ఆదివారం తర్వాత శుక్రవారమే కాస్త బేరం ఉండే రోజని చాలామంది చెప్పి చూశారు. ఆవిడ వినలేదు. "పదిహేనేళ్ల శుక్రవారాలు వండానండి, ఇంక చాలండి" అంది. ఆ రోజు మనవణ్ణి తీసుకుని అంతర్వేది వెళ్తుంది, లేకపోతే ఊరికే పడుకుంటుంది.

బాగోలేనివి కూడా చెప్తాను. ఆదివారం వెళ్తే ముప్పావు గంట ఆగాలి. ఉన్నవి అయిదే బల్లలు, కూర్చునేది రేకుల కింద. మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంటకి అక్కడ కూర్చోవడం పెద్దవాళ్లకి కష్టం. ఫ్యాన్లు రెండు, వాటిలో ఒకటే గట్టిగా తిరుగుతుంది. చెయ్యి కడుక్కునే చోటు వెనకవైపు ఉంది, వానొస్తే బురద. ఆవిడకీ చెప్పాను, రాళ్లు పరిపిస్తానంది. ఖుబ్జ్ అని రొట్టె పెడుతుంది, వేడిగా ఉన్నప్పుడు పర్వాలేదు, చల్లారితే అట్టలా అవుతుంది. దానికోసం సరైన పొయ్యి కావాలి, అది వచ్చేదాకా రొట్టె బదులు అన్నమే తీసుకోండి. చందువా ధర చేప బరువుని బట్టి, ఆ రోజు రేవు ధరని బట్టి మారుతుంది. ముందే అడిగి తెలుసుకోండి. ఇద్దరికి సరిపోయే చేప ఒక్కరు చెప్పుకుని తర్వాత బిల్లు చూసి గొణుక్కున్నవాళ్లని చూశాను. అది ఆవిడ తప్పు కాదు. ధర పలక మీద "రేటు అడగండి" అని పెద్ద అక్షరాలతోనే రాసి ఉంది.

సాయంత్రం నాలుగు నుంచి కరక్ టీ ఉంటుంది, 15 రూపాయలు. యాలకులు, చిక్కటి పాలు, బాగా మరిగిన డికాక్షను. కాలేజీ పిల్లలు దీనికోసమే వస్తారు. ఈ పిల్లలతో అక్క మాట్లాడటం వినాలి. పాస్‌పోర్టు తీయించుకుంటున్నానని ఎవడైనా అంటే కూర్చోబెట్టి అడుగుతుంది. ఏ వీసా? ఎవరు పంపుతున్నారు? ఒప్పందం కాగితం చూశావా? విజిట్ వీసా మీద పనికి రమ్మంటున్నారా? పదో తరగతి పాసవ్వని ఆడపిల్లలకి ఇంటిపనికి గల్ఫ్ దేశాలు వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలని, ఎమిగ్రేషన్ క్లియరెన్సు (పనికి బయటి దేశం వెళ్లడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి) లేకుండా పంపిస్తామనేవాడిని నమ్మొద్దని చెబుతుంది. వెళ్లొద్దని మాత్రం ఎవరికీ చెప్పదు. వెళ్లేవాళ్ల ఇంట్లో పరిస్థితి ఏంటో తనకి తెలుసు కదా.

ఇప్పుడు పనికొచ్చే మాటలు. చందువాకైనా, కోడి మజ్బూసుకైనా ముందురోజు సాయంత్రం ఆరు లోపు చెప్పండి. వీలైతే మంగళవారమో బుధవారమో వెళ్లండి. ఆదివారం ఎలాగూ నిండిపోతుంది, హోటలు నిలబడాల్సింది మామూలు రోజుల బేరం మీదే. ఫోన్‌పే ఉంది. కారు కాలవ గట్టు మీద ఆపితే ఎదురుగా వచ్చే కొబ్బరి లారీలకి ఇబ్బంది, ఎదురుగా ఉన్న తోట గేటు పక్కన ఆపుకోండి, తోట యజమానికి అభ్యంతరం లేదు. పెళ్లిళ్లకి, పుట్టినరోజులకి యాభై మంది దాకా వండి ఇస్తుంది. మా ఆఫీసులో ఒకాయన రిటైర్మెంటుకి చెప్పాం, ఒక్క మెతుకు మిగల్లేదు. మీ ఇంట్లో ఏదైనా కార్యం ఉంటే ఒకసారి ఆవిడకి చెప్పి చూడండి. అలాంటి ఆర్డర్లు నెలకి రెండు వస్తే ఆ పుస్తకంలో దినార్ల అంకె 120 దాటుతుంది.